ఆరో సీజన్‌కి నా తూకం

మొదటి రోజు

కచేరీ వాళ్లు ఈ పుస్తకం చేతికిచ్చి రోజూ సొంత చేత్తో రాయమన్నారు. రాస్తున్నాను. నా పేరు సూరాడ తవిటయ్య. వయసు డెబ్బై ఆరు. గోడరేవు చేపల రేవులో నలభై ఒక్క ఏళ్లు తక్కెడ పట్టాను. నా తూకం తప్పని ఎవడూ అనలేదు. ఒకడన్నాడు. వాడికి మళ్లీ తూచి చూపించాను, నోరు మూసుకుని పోయాడు. అక్షరాలు నేర్చింది చేపల బుట్టల మీద పేర్లు రాయడానికి. కాబట్టి ఒత్తులు తప్పితే చదివేవాళ్లే సర్దుకోవాలి.

నన్నెందుకు పిలిచారో రాయాలి. ఇప్పుడు ఊళ్లో అందరి చెవిలోనూ పూస ఉంది. ఏం చూసినా, ఏం విన్నా, దాని అర్థం ఏమిటో ఆ చెవిపూస గుసగుసలాడుతుంది. పడవెక్కినా అంతే, పెళ్లికెళ్లినా అంతే. నేను పెట్టించుకోలేదు. నా ఆడది బతికున్నన్నాళ్లూ ఒక చెవి ఆవిడదే. రెండోదైనా నాకు మిగలాలి కదా. ఇప్పుడు ఆ మొండితనమే అక్కరకొచ్చింది. సీరియళ్లు తూచేవాళ్లకి పూస ఉండకూడదని చట్టం. ఊరంతా గాలిస్తే అలాంటివాళ్లు నూట నలభై మంది తేలారట. చీటీలు తీస్తే వచ్చిన ఐదు పేర్లలో నాదొకటి.

కచేరీ పేరే కథల తూనిక కచేరీ. చదవగానే నవ్వొచ్చింది. తూకమంటే తవిటయ్య ఉండాలి మరి.

తూచాల్సింది ఏమిటో విన్నాక మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఉప్పునీటి కేసులు, ఆరో సీజన్! ఊరు ఊరంతా ఎదురుచూస్తోంది. ఐదు సీజన్లూ ఒక్క భాగం వదలకుండా చూసినవాణ్ణి. ఇప్పుడు సీరియళ్లు మనుషులు తియ్యరు, కథమర తీస్తుంది. అందులో కనిపించేవాళ్లు ఎక్కడా ఉండరు. ఉండకపోతే ఉండకపోనీ, ఇన్‌స్పెక్టర్ త్రిపురాంబ తెర మీదికి నడిచొస్తే నేను కాళ్లు ముడుచుకుని కూర్చుంటాను.

కచేరీ గుమస్తా సదానంద్ గారు రూళ్లు చెప్పారు. మాది నీళ్ల మీద తేలే ఊరు. సముద్రపు గోడకి ఆనుకున్న ఇళ్లు గోడవరస, దాని వెనకాల తాళ్లతో కట్టినవి అలవరస. వచ్చే నెల ఓటు. అలవరస తాళ్లు విప్పి ఉత్తరాన ఇంకో గోడ దగ్గరికి లాక్కుపోవాలా, వద్దా అని. మంచినీళ్లు రెండు వరసలకీ చాలడం లేదని గొడవ. ఓటుకి ముందు నలభై రోజుల్లో ఏ కథైనా జనానికి చూపించాలంటే, అది ఎవరి వైపైనా మొగ్గుతోందేమో మేము తూచి చెప్పాలి. మొగ్గితే ముద్ర పడుతుంది, సీజన్ మొత్తం చెరిపేస్తారు. మొగ్గకపోతే ఊరు చూస్తుంది.

ఎనిమిది భాగాల్లో మాకు ఏడే చూపిస్తారు. హంతకుడెవరో తెలిశాక మనిషి తీర్పు ఆ ఆనందంలో కొట్టుకుపోతుందట. మేము సరే అన్నాకే మర ఎనిమిదోది తయారు చేస్తుంది. ముద్ర వేస్తే తయారే చెయ్యదు. అది విని ఐదుగురం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నాం.

రెండో రోజు

పొద్దున్నే నూకాలు అంబలి తెచ్చింది. నాది గోడవరస, నూకాలు అలవరస మనిషి. ఆరేళ్లుగా రోజూ చిన్న పడవలో వచ్చి, నేను లేచినా లేవకపోయినా తలుపు తోసి ముంత లోపల పెట్టి పోతుంది. వరసకి నేను మావని. కచేరీ సంగతి అప్పుడే దాని చెవిన పడింది. ఒక్క ముక్క చెప్పమని పీకింది. రాతపూర్వకంగా మాటిచ్చానే గుంటా, నోరిప్పితే తోలు తీస్తారన్నాను. నా తోలుకి అంత గిరాకీ లేదంది.

ఒకటీ, రెండూ భాగాలు చూశాం. అబ్బో! మంచినీళ్ల పంపు దగ్గర కావలి దాలప్ప తెల్లారేసరికి చచ్చి పడున్నాడు. గొట్టం కోసేసి ఉంది. చేతిలో సగం తాడు ముక్క. త్రిపురాంబ వంగి ఆ తాడు వాసన చూసింది. నా వెన్నులో జిల్లుమంది.

మిగతా నలుగురి సంగతి. బెహరా సుభద్రమ్మ పెళ్లిళ్లలో వంట చేస్తుంది, వెయ్యి మందికి ఒంటిచేత్తో వండే మనిషి. దాలప్ప పెళ్లాన్ని చూపించినప్పుడల్లా ముక్కు చీదుతుంది. దానేటి పోలయ్య గడ్డాలు గీస్తాడు, రెండు వరసలూ తిరుగుతాడు. మిగతా ఇద్దరూ తాళ్ల మేస్త్రీలు, అన్నదమ్ములు. ఒకడు మాట్లాడితే రెండోవాడు తల ఊపుతాడు.

మొగ్గేమైనా కనిపించిందా అని సదానంద్ గారు అడిగారు. లేదన్నాం. అసలు మూడో భాగం ఇప్పుడే పెట్టరా అని సుభద్రమ్మ అడిగింది. రేపే అన్నారు. ఇంటికెళ్లే దారంతా పోలయ్యా నేనూ తాడు గురించే వాదించుకున్నాం. పడవవాడు మా మాటలు వింటున్నాడని తెలిసి ఇద్దరం ఒక్కసారే నోరు కట్టేసుకున్నాం.

మూడో రోజు

మూడూ, నాలుగూ. రెండూ ఒక్క ఊపులో చూశాం.

తాడు అలవరస వాళ్లు నేసే రకం. పోలిరాజని అలవరస వాడొకడు, ఆ ముందురోజే దాలప్పతో కొట్లాడాడు. త్రిపురాంబ పడవ వస్తుంటే వాడు ఇళ్ల కప్పుల మీద నుంచి కప్పుల మీదికి దూకుతూ పారిపోయాడు. అమ్మో, ఆ దూకడం! ఒక ఇంటివాళ్లు వాణ్ణి లోపలికి లాక్కున్నారు. అక్కణ్ణుంచి ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. పదకొండు ఇళ్లు వాణ్ణి చేతులు మార్చి దాచేశాయి. ఒక్కరైనా ఏం చేశావురా అని అడగలేదు. వాడి ఇంట్లో దొంగనీళ్ల పీపాలు వరసగా ఉన్నాయి.

పెద్ద మేస్త్రీ కుర్చీ చేతిని గుద్ది, పట్టుకో తల్లీ అని అరిచాడు. చిన్నవాడు తలూపాడు. నేనూ గుద్దాను. అబద్ధమెందుకు?

సదానంద్ గారు మళ్లీ అడిగారు. నేనే జవాబు చెప్పాను. వరస మొత్తం దొంగలు కాదు, ఒకడి కోసం అందరినీ అనకండి అని త్రిపురాంబ తన నోటితో రెండుసార్లు చెప్పింది కదా, ఇంకా మొగ్గెక్కడిది అన్నాను. తక్కెడ ముల్లు నిటారుగా ఉంది అని నిలువు గీత గీసి సంతకం పెట్టాను. నా సంతకం కంటే ఆ గీతే బాగా వచ్చింది.

నాలుగో రోజు

ఐదో భాగం. పోలిరాజు దొరకలేదు. కానీ గోడవరసలో ఇంకో పంపు కాలిపోయింది. పంపు ఇంజినీరు మొదలు దాలప్ప తమ్ముడి దాకా, ఎవరో లోపలివాళ్లే సాయం చేస్తున్నారని త్రిపురాంబ అనుమానం. రేపు రెండు భాగాలు ఒకేసారి చూపిస్తారట. పండగే.

ఇంటి పనులు కూడా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. పైకప్పు మీద ఉప్పు గోకాను. వానతొట్టి కడిగాను. అరుగు మీద వరసగా పెట్టి ఉండే నా ఇత్తడి తూకపురాళ్లు తోమి, లోపల పెట్టెలో పెట్టాను. తలుపుకి పాత గడియ ఉంటే నూనె రాసి సరిచేశాను, బాగానే పడుతోంది. చేప పులుసు పెట్టుకున్నాను, ఉప్పు ఎక్కువైంది.

ఐదో రోజు

ఆరూ, ఏడూ అయ్యాయి. ఇక ఒక్కటే ఉంది!

ఏడో భాగం చివర్లో త్రిపురాంబ చీకటి గోడౌన్లోకి అడుగుపెట్టి, నువ్వా అంటుంది. అంతే. తెర ఆగిపోయింది. ఎవరు ఆ నువ్వు? సుభద్రమ్మ లేచి తెర వెనక్కి వెళ్లి చూసొచ్చింది. నిజంగానే చూసొచ్చింది. పోలిరాజే అని మేస్త్రీలు. కాదు, దాలప్ప తమ్ముడని పోలయ్య. నా అనుమానం నాకుంది. దాన్ని ఒక చీటీ మీద రాసి, మడిచి, ఈ పుస్తకం అట్టలో దాచాను. ఎనిమిదో భాగం చూశాక అందరి ముందూ విప్పి చూపిస్తాను, ఒక్కొక్కడూ నా కాళ్లకి దణ్ణం పెట్టాలి.

సదానంద్ గారు తీర్పుకి ముందు చేతులెత్తించి చూశారు. ఐదుగురం మొగ్గు లేదనే ఎత్తాం. రేపు సెలవు, ఎల్లుండి ఆఖరి మాట, వెంటనే ఎనిమిదో భాగం.

ఆరో రోజు

ఈ రోజు రాయడం నాకిష్టం లేదు. కానీ మాటిచ్చాను.

పొద్దున్న తలుపు చప్పుడైతే లేచాను. ఎవరో తోస్తున్నారు. ఎవరది అని గట్టిగా అరిచాను. తీస్తే నూకాలు, చేతిలో ముంత. నిన్న అలలు ఎక్కువై అది రాలేదు. ముంత ఇవ్వలేదు. గడియ వైపు చూసింది. అరుగు వైపు చూసింది. అరుగు మీద రాళ్లు ఉండే చోట గుండ్రటి మచ్చలు మాత్రం ఉన్నాయి.

"ఏటి మావా, గడియెట్టినావు?" అంది.

గాలి ఎక్కువగా ఉంది, తలుపు కొట్టుకుంటోంది అన్నాను.

"గాలా?" అని అది గడియ మీద వేలు పెట్టింది. "ఈ గాలి నీకు ఏ బాగంలో ఒచ్చింది మావా?"

నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు నిలబడ్డాను.

"నువ్వొక్క ముక్క సెప్పనేదు, మాట నిలబెట్టుకున్నావు. కాని నాకు తెలిసిపోనాది. మావోణ్ణి ఎవుణ్ణో దొంగని సేసినారు గదా? ఒక్కణ్ణే గాదు, మా వరసంతా కలిసి దాసినట్టు సూపించుంటారు. నాకు కతంతా నీ గడియే సెప్పీసింది." ముంత గడప బయటే పెట్టింది. "ఆరేల్లు. నీ రాళ్ల మీద ఒక్క రోజు నా కొంగైనా తగిల్నాదేటి?"

పడవ తోసుకుని వెళ్లిపోయింది. అంబలి చల్లారిపోయినా తాగలేదు.

కోపమొచ్చింది. మొదట దాని మీద. తర్వాత పెట్టె తెరిచి రాళ్లు చూస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు ఈ పుస్తకంలో ఏం రాశానో వెనక్కి తిప్పి చదువుకున్నాను. రాళ్లు లోపల పెట్టాను, గడియకి నూనె రాశాను అని నా చేత్తోనే రాసుంది. ఎందుకు చేశానో మాత్రం రాయలేదు. నాకు తెలిస్తే కదా రాయడానికి. ఉప్పు గోకినట్టు, తొట్టి కడిగినట్టు, అదీ ఒక పనే అనుకుని చేసేశాను.

నలభై ఒక్క ఏళ్లలో నా ముల్లు పక్కకి పోవడం ఇదే మొదటిసారి. పోయినట్టు నాకు తెలియకపోవడం ఇంకా పెద్ద సిగ్గు.

ఏడో రోజు

దొంగ తక్కెడ అంటే ఏమిటో కచేరీలో వాళ్లకి చెప్పాల్సి వచ్చింది. పళ్లెం కింద చింతపండు ముద్ద అంటించేవాళ్లు తెలివితక్కువ దొంగలు. ఖాళీ తక్కెడ ఎత్తితేనే దొరికిపోతారు. తెలివైనవాడు పళ్లేలు వేలాడే కాడని ఒక వైపు వెంట్రుకంత పొడవు చేయిస్తాడు, ఆ తేడాకి సరిపడా పళ్లెం బరువు సర్దుతాడు. ఖాళీగా ఎత్తు, ముల్లు నిటారుగా నిలబడుతుంది. ఎవరొచ్చి చూసినా తప్పు కనబడదు. సరుకు వేశాకే దొంగతనం. దాన్ని పట్టడానికి ఒకటే దారి. పళ్లెం మార్చి తూచాలి. రాళ్లున్న పళ్లెంలో చేపలెయ్యి, చేపలున్న పళ్లెంలో రాళ్లెయ్యి. అప్పుడు కూడా అదే బరువు వస్తే తక్కెడ మంచిది. రేవులో కొత్త తక్కెడ ఏది వచ్చినా నేను ముందు చేసే పని అదే. మరి ఈ సీరియల్‌కి ఎందుకు చెయ్యలేదు? ఆబ. మూడో భాగం ఎప్పుడొస్తుందా అనే ఆబ.

ఆఖరి మాటకి అందరూ కూర్చున్నారు. ఎనిమిదో భాగం కోసం సుభద్రమ్మ కారప్పూస కూడా వండుకొచ్చింది. నేను లేచి, ఒక్కొక్క తూనికదారు మరని ఒక్క కోరిక కోరవచ్చని రూళ్లలో ఉంది కదా, నాది ఇప్పుడు కోరుకుంటున్నాను అన్నాను. సదానంద్ గారు నవ్వారు. ఇంతవరకు ఆ కోరిక వాడినవాళ్లు ముగ్గురేనట. ఇద్దరు చప్పుడు పెంచమన్నారు, ఒకరు త్రిపురాంబ చీర రంగు మార్చమన్నారు.

గోడవరసని అలవరస చెయ్యమనండి, అలవరసని గోడవరస చెయ్యమనండి, ఇంకేమీ ముట్టుకోకుండా కథ మళ్లీ తియ్యమనండి అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. చెవిపూస ఏదో చెప్పినట్టుంది, తల పక్కకి వంచి విన్నారు. కుదరకపోవడమేమీ లేదు, కానీ ఒక రోజు పడుతుంది, అవసరమేముంది అన్నారు. కథమరకి ఏ పార్టీ ఏమీ చెప్పలేదు. ఊళ్లో ఎక్కువమంది ఏది కళ్లార్పకుండా చూస్తారో అదే తీస్తుంది, దానికి ఇష్టాయిష్టాలు లేవన్నారు. తక్కెడకీ లేవన్నాను.

పెద్ద మేస్త్రీకి మండింది. తీర్పు అయిపోయాక ఈ ముసలోడికి ఇప్పుడేం పుట్టింది అని గొణిగాడు. అప్పుడు చెప్పాల్సి వచ్చింది. నలుగురి ముందూ, కారప్పూస ముందూ.

"నాను గడియెట్టినాను. ఆరేల్లుగా మాయింటికి అంబలి తెచ్చే మడిసికి గడియెట్టినాను. ఎట్టినట్టు నాకే తెలీదు. మీరేటి సేసినారో మీరు సూసుకోండి."

తర్వాత సుభద్రమ్మ చిన్న గొంతుతో అంది. వంటకి సాయం వచ్చే అలవరస పిల్లని మొన్న మానేయమందట. పని తక్కువగా ఉందని చెప్పిందట. పని తక్కువేమీ లేదట.

ఎనిమిదో రోజు

పొద్దున్నించీ సాయంత్రం దాకా ఏడు భాగాలూ చూశాం. పళ్లెం మారింది. చచ్చిపోయిన దాలప్ప ఇప్పుడు అలవరస కావలి. త్రిపురాంబ అలవరస ఇన్‌స్పెక్టర్. పోలిరాజు గోడవరసవాడు.

ముందొక నిజం రాయాలి. ఇదీ బ్రహ్మాండంగా ఉంది! తాడు వాసన చూసినప్పుడు మళ్లీ వెన్ను జిల్లుమంది. అరగంట దాకా ఎందుకొచ్చానో కూడా మరిచిపోయాను. కథ కథే.

తేడా మొదట పట్టింది నేను కాదు, సుభద్రమ్మ. మూడో భాగంలో ఆగమంది. ఆ పిల్ల చెప్పులు చూడండి అంది. త్రిపురాంబ గోడవరస ఇంట్లోకి సోదాకి వెళ్తూ గడప దగ్గర చెప్పులు విడిచింది. మొదటి కథలో అలవరస ఇళ్లలోకి చెప్పులతోనే తొక్కుకుంటూ పోయింది, పొయ్యి దాకా పోయింది. వెయ్యి ఇళ్లలో వండిన మనిషి కాబట్టి ఆవిడ కన్ను అక్కడ పడింది. పాత భాగం పక్కన పెట్టించి చూశాం. నిజమే.

అక్కణ్ణించి పట్టుకోవడం మొదలైంది. వేటలా ఉంది. ఒకళ్లని మించి ఒకళ్లు!

పోలయ్య ఎగిరి గంతేశాడు. "మూడ్రోజులు కప్పులెక్కి పారిపోనోడికి గెడ్డం నున్నగా ఎలగున్నాది? నానైతే గియ్యనేదు." మొదటి కథలో పోలిరాజుకే కాదు, పదకొండు ఇళ్లలో మగాళ్లందరికీ గడ్డాలు మాసి ఉన్నాయి. పోలయ్యకి అది సొంత అవమానం కింద లెక్క. ఆ వరసలో వారానికి రెండు రోజులు కత్తి పడుతున్నది తనే కదా.

పదకొండు ఇళ్ల సంగతి. ఇప్పుడు గోడవరస పోలిరాజు మూడు రోజులు కప్పుల మీద తిరిగి చివరికి మొదటి తలుపు కొట్టాడు. ఒక ముసలమ్మ తీసింది. ఏం చేశావు నాయనా అని అడిగింది, చెయ్యి పట్టుకుని స్టేషన్‌కి నడిపించింది. ఒక్క ఇల్లు, ఒక్క దొంగ, అక్కడితో సరి. వాడి ఇంట్లో పీపాలు ఉన్నాయి కానీ పక్కన జ్వరంతో పడుకున్న కూతురు కూడా ఉంది. పీపాలు చూసే లోపే ఆ పిల్ల నుదుటి మీద తడిగుడ్డ చూపించారు. మొదటి కథలో వాడికి పిల్లే లేదు.

సదానంద్ గారు ఒక మాట పట్టుకున్నారు. ఇన్‌స్పెక్టర్ నోట మంచి మాటలు చెప్పించింది కదా, వరసంతా దొంగలు కాదని అన్ని సార్లు అంది కదా అన్నారు. నేను కూడా మూడో రోజు అదే చూసి గీత గీశాను. అందుకే లెక్కపెట్టమన్నాను. మొదటి కథలో ఆ మాట ఐదుసార్లు ఉంది. రెండో కథలో ఎన్నిసార్లు?

ఏడు భాగాలూ వెతికారు. ఒక్కసారీ లేదు.

ఎందుకు లేదంటే, అనాల్సిన అవసరమే రాలేదు. గోడవరస మొత్తం దొంగలని చూసేవాడి బుర్రలోకి రాదు. రానిదాన్ని కాదని చెప్పడమెందుకు? ఐదుసార్లు కాదు కాదు అన్నారంటే, అవునని ఐదుసార్లు మా చేత అనిపించాకే అన్నారు. ఖాళీ తక్కెడ ఎత్తి ముల్లు చూపించడం అంటే ఇదే.

ఈ ముక్క చెప్పాక చిన్న మేస్త్రీ మొదటిసారి తలూపలేదు. అన్న వైపు చూశాడు. అన్న చూడలేదు.

తొమ్మిదో రోజు

తీర్పు.

పోలయ్య ముద్ర వెయ్యమన్నాడు. సుభద్రమ్మ కళ్లు తుడుచుకుని, వెయ్యమంది. పెద్ద మేస్త్రీ వద్దన్నాడు. ఆయన మాట కూడా రాయాలి, అది తీసిపారేసే మాట కాదు. రేపు ఎవడైనా నిజంగా గొట్టం కోస్తే, కోసినవాడు అలవరసవాడైతే, కథ చెప్పకూడదా? చెప్తే మొగ్గంటారా? అని అడిగాడు. చెప్పొచ్చు, చెప్పులు విడిచి చెప్పమను అంది సుభద్రమ్మ. ఆయన ఒప్పుకోలేదు. చిన్న మేస్త్రీ చాలాసేపు గోళ్లు చూసుకుని అన్న పక్కనే చెయ్యెత్తాడు.

రెండుకి రెండు. మిగిలింది నేను.

సదానంద్ గారు చెడ్డవారు కాదు. ఉన్న సంగతే చెప్పారు. ముద్ర వద్దంటే మర ఎనిమిదో భాగాన్ని నిమిషంలో తీసేస్తుంది, ఇక్కడే, ఇప్పుడే చూడొచ్చు. వేస్తే ఆ భాగం ఎవరూ చూడరు, తీయని భాగం మర దగ్గర కూడా ఉండదు. నువ్వా అన్నది ఎవర్నో ఇక ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

అది చెప్తూ ఆయన కూడా తెర వైపు ఒకసారి చూశారు. ఆయనా చూసినవారే మరి, ఐదు సీజన్లూ.

నాకు ఎంత తెలుసుకోవాలని ఉందో రాస్తే ఈ పుస్తకం చాలదు. ఐదు సీజన్లలో త్రిపురాంబ ఏ కేసూ వదిలెయ్యలేదు. నేను వదిలేయించాలి. నా చీటీ అట్టలో అలాగే ఉంది. గెలిచే చీటీ అది, నాకు తెలుసు. తెర నల్లగా ఉంది, ముందు ఐదు కుర్చీలు, కారప్పూస డబ్బా. ఒక్క మాటంటే చాలు.

పెన్ను పట్టుకున్నాను. గడప బయట పెట్టిన ముంత గుర్తొచ్చింది. ఇంకేమీ గుర్తు రాలేదు. మొగ్గింది అని రాసి సంతకం పెట్టాను. ఒత్తు తప్పింది, దిద్దలేదు.

సుభద్రమ్మ డబ్బా తెరిచి అందరికీ కారప్పూస పంచింది. పెద్ద మేస్త్రీ వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు.

పదో రోజు

ఊరంతా తిట్టుకుంటోంది. ఆరో సీజన్ లేదట, ఎవరో ముసలి వెధవలు ఆపేశారట అని పడవలో నా పక్కవాడే నాతో అన్నాడు. నిజమే, వాళ్లకి బుద్ధి లేదన్నాను. దిగేటప్పుడు మాత్రం మనసాగక, ఆ వెధవల్లో నేనొకణ్ణని చెప్పి దిగాను.

రాళ్లు పెట్టెలోంచి తీసి పొద్దున్నే అరుగు మీద వరసగా పెట్టాను. పెద్దది మొదలు చిన్నదాకా, ఎప్పటిలాగే. గడియ మేకులు ఊడదీసి పక్కన పడేశాను. కూర్చున్నాను. నూకాలు మూడు రోజులుగా రాలేదు.

ఎండెక్కాక పడవ కనిపించింది. అది దిగి అరుగు చూసింది, తలుపు చూసింది. తలుపుకి గడియ పీకిన చోట నాలుగు చిల్లులున్నాయి. క్షమించమని నేను అనలేదు, నాకు ఆ మాట అలవాటు లేదు. పళ్లెం మార్చి తూయించానని మాత్రం చెప్పాను. అది తల ఊపి, లోపలికెళ్లి, ముంత ఎప్పుడూ పెట్టే చోట పెట్టింది. బయటికొచ్చి రాళ్ల పక్కనే చతికిలబడింది.

"సీజనంతా తగలబెట్టీసినావు," అంది. "నానెంత ఎదురు సూసినానో నీకు తెల్దా?"

నీ వరస కోసమేనే గుంటా అన్నాను.

"మావరసకి ఓటు ఎలాగుందో అలాగే ఉన్నాది. తాళ్లిప్పుతారో ఉంచుతారో అప్పుడు సూద్దుం. ఇప్పుడిది సెప్పు. ఏడు బాగాలు సూసినావు గదా. దాలప్పని సంపిందెవులు?"

సీజన్ చెరిపేశారు కాబట్టి ఇక చెప్పకూడదన్న రూలు లేదు. మొదటి భాగం నుంచీ చెప్పుకొచ్చాను. తాడు వాసన దగ్గర అది నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కప్పుల మీద దూకుడు దగ్గర, ఎవుల కప్పు, ఎటేపు దూకినాడు అని అడిగి, అక్కడ అంత దూరం ఎవడూ దూకలేడని తేల్చింది. పదకొండు ఇళ్లు అనగానే విరగబడి నవ్వింది. మా వరసలో రెండిళ్లోళ్లు ఒక మాట మీదుండరు, పదకొండిళ్లు కలిసి ఒకణ్ణి దాస్తారా అంది. గోడౌన్లో నువ్వా దగ్గర నేను ఆగిపోయాను. అదీ ఆగిపోయింది. ఇద్దరం ఆ చీకట్లోకి చూస్తూ కూర్చున్నాం, పట్టపగలు.

పంపు ఇంజినీరే అంది నూకాలు చివరికి. దాలప్ప తమ్ముడికి అంత ధైర్యం లేదట. ఇంజినీరైతే తాడు ఎక్కణ్ణించి తెచ్చాడని నేను అడిగాను. కొనుక్కున్నాడు, మేం అమ్మమేటి అంది. ఈ సంగతి నాకు తట్టనే లేదు. మర కంటే ఇదే బాగా తీసేలా ఉంది సీరియల్.

నువ్వెవరనుకుంటున్నావో చెప్పమంది. అట్టలోంచి చీటీ తీసి దాని చేతికిచ్చాను. దానికి చదువు రాదు, నా రాతా అంతంతమాత్రం. నేనే చదవాల్సి వచ్చింది. ఐదో రోజు నా చేత్తో రాసిన పేరు. పోలిరాజు.

అది నా మొహం చూసింది. నేను రాళ్లు చూశాను.

"ఇప్పుడు కూడా అదేనేటి మావా?"

అబద్ధం చెప్పవచ్చు. పళ్లెం మార్చి చూశాను, గడ్డాలు చూశాను, చెప్పులు చూశాను, ఐదుసార్లూ లెక్కపెట్టాను. అన్నీ తెలిశాక కూడా కళ్లు మూసుకుంటే గోడౌన్లో నిలబడ్డవాడి మొహం వాడిదే. ఇంకా అలాగే ఉన్నాదే అన్నాను.

నూకాలు అన్నిటికంటే చిన్న రాయిని తీసి, కొంగుతో తుడిచి, వరసలో మళ్లీ దాని చోట పెట్టింది. రేపు వస్తాను, రేపటికి ఇంజినీరు మీద ఇంకో సాక్ష్యం తెస్తాను, నువ్వు నీ పోలిరాజుని కాచుకో అని పడవెక్కింది.

పుస్తకం ఈ రోజు కచేరీకి ఇచ్చెయ్యాలి. సదానంద్ గారూ, మీరు చదువుతారు కాబట్టి రాస్తున్నాను. నా ముల్లు ఇంకా మధ్యకి రాలేదు. రాళ్లు మాత్రం బయటే ఉన్నాయి.